మద్దెలమ్మ మీది సున్నం

గురువారం పదకొండు గంటల పది నిమిషాలకు, కాటమవరం శివాలయం తూర్పు మండపంలో, ఇన్‌స్పెక్టర్ కొండల్‌రావు తన చేతి గడియారాన్ని చెన్నకేశవశర్మ కళ్ల ముందుకు చాచాడు.

"నాలుగు గొట్టంగ నేను సూర్యాపేట కోర్టుల ఉండాలె. మూడుంబావుకు జీపు కదుల్తది. గంతదాంక ఏమడుగుతరో అడుగుండ్రి పంతులుగారూ. పైనుంచి కాగితం తెచ్చుకున్నరు గనక ఈ మర్యాద."

శర్మ ముందుగా గర్భాలయానికి అభిముఖంగా నిలిచి, శిరస్సు వంచి, పంచాక్షరిని మనస్సులోనే ముమ్మారు జపించారు. ఆ తరువాతనే ఉత్తరీయాన్ని భుజం మీద సర్దుకొని, నిందితుని ఎదుట నేల మీద కూర్చున్నారు. ముప్పది సంవత్సరాలు పురావస్తు శాఖలో శాసనాలు చదివి పదవీ విరమణ చేసిన మనిషి. విగ్రహ చౌర్యాలు జరిగినచోట దేవాదాయశాఖవారు ఆయనను పిలవడం ఆనవాయితీ అయింది. ఇది పదకొండవ కేసు.

జరిగినది ఇంత. ఏడువందల ఎనభై ఏండ్ల క్రిందట కాకతీయుల సామంతుడొకడు మూడు గర్భాలయాలతో ఈ గుడిని కట్టించాడు. తూర్పు ద్వారానికి ఇరువైపులా గూళ్లలో నాలుగు నల్లరాతి ఫలకాలు నిలిపించాడు. వేణువు ఊదే స్త్రీ, తాళాలు వేసే స్త్రీ, నర్తకి, మద్దెల వాయించే స్త్రీ. వీరిలో నాల్గవ ఆమెను ఊరు మద్దెలమ్మ అని పిలుచుకొని పసుపు పూసింది. పక్కనున్న లంబాడీ తండావాళ్లు నంగారా యాడి, నగారా తల్లి, అని నెయ్యి పోశారు. ఎనభై ఎనిమిది ఫిబ్రవరి ఒకటవ తేదీ సోమవారం పట్టపగలు ఆమె గూటిలోనుంచి మాయమైంది. తొమ్మిది రోజులు గడిచాక, నిన్న బుధవారం ఉదయం, ఆ తండాకే చెందిన గుడి కాపలాదారు హన్మా ఇంటి వెనుక గడ్డివాములో దొరికింది. నిన్న సాయంత్రం నాలుగింటికి హన్మా చేతులకు బేడీలు పడ్డాయి. ఇరవై నాలుగు గంటల లోపల న్యాయాధికారి ఎదుట నిలబెట్టాలి. ఆయన రిమాండు రాశాడంటే హన్మా జైలుకు పోతాడు, సొత్తు దొరికింది కాబట్టి దర్యాప్తు అంతటితో ముగుస్తుంది, నంగారా యాడిని అమ్ముకున్నవాడన్న మాట ఆ తండాకు తరతరాలు అంటుకుంటుంది.

"హన్మా, సోమవారంనాడు గుడి విడిచి ఎందుకు వెళ్లావు? ఎన్నింటికి?"

ముప్పై అయిదేండ్ల హన్మా తల ఎత్తలేదు. "ఒంటిగంటకు పంతులూ. స్కూటర్ మీద ఒకడొచ్చిండు. నీ భార్యను సూర్యాపేట హాస్పిటల్‌లో జేర్చారు, వెంటనే బయల్దేరు అన్నడు."

"ఆ మాటలతోనే అన్నాడా?"

"గవే మాటలు. మా దిక్కు మనిషైతే దవాఖానల వేసిండ్రు అంటడు గద. మాట కోదాడ దిక్కుది. గప్పుడు నాకు గదంత సోంచాయించే తెలివి యాడిది? ఒంటిగంట పది నిమిషాల బస్సు ఎక్కిన. దవాఖానంత దేవులాడిన. మూడున్నర బస్సుకు వాపసొచ్చిన. స్టేజీ కాడ దిగి సూస్తే నా పెండ్లాం మిరపచేను కెల్లి ఎదురొస్తున్నది, నెత్తి మీద గంప పెట్టుకోని."

"బస్సు టికెట్టు?"

హన్మా బేడీల చేతులు పైకెత్తి తలపాగా అంచు చూపించాడు. అందులోనుంచి నలిగిన టికెట్టు తీసి, సంఖ్య రాసుకొని, శర్మ ఇన్‌స్పెక్టరుకు అందించారు.

కొండల్‌రావు దానిని తిరగేసి కూడా చూడలేదు. "బస్టాండు నేల మీద గిట్లాంటియి గంపెడు దొరుకుతయి. ఇంక?"

"ఫలకం తూకం నాలుగు బస్తాల వడ్లకు తక్కువ కాదు. ఒక్కడు మోయగలడా?"

"తండల ముప్పై మంది మొగోళ్లున్నరు."

మండపం మెట్ల దిగువ తండా స్త్రీలతో నిలబడిన మోతీబాయి, హన్మా భార్య, ఈ మాటకు ఒక్క ఉదుటున ముందుకు వచ్చింది. "సారూ! మంగళారం పొద్దుగూకంగ నేనే గా వాములకెల్లి బర్రెకు గడ్డి గుంజిన. గదే జాగల గుంజిన. రాయుంటే నా చెయ్యికి తగలదా? బుదారం తెల్లారేసరికి యాడికెల్లొచ్చింది?"

"నీ మొగని కోసం నువ్వు గట్లనే చెప్తవు తల్లీ. కోర్టుల గిది నడువది."

"నా తల్లిని నేనే అమ్ముకుంటనా?" అన్నాడు హన్మా. "మా అయ్య పాతికేండ్లు గీ దర్వాజ కాడ పండుకున్నడు. అయ్య సచ్చినంక రెండేండ్ల కెల్లి నేను పండుకుంటున్న. నంగారా యాడి మీద ఒట్టేపిచ్చి అడుగు పంతులూ, నేను తీసిన్నా?"

శర్మ అతని భుజం మీద చేయి వేసి లేచారు. ఆయన చూడవలసినవి రెండున్నాయి. ఖాళీ అయిన గూడు ఒకటి, దొరికిన ఫలకం ఒకటి.

గూటి అడుగు రాతి మీద ఎడమ మూల రెండు తెల్లని గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి. గడ్డపార మొన దించి ఫలకాన్ని పైకి లేపిన గుర్తులవి. గూటి వెడల్పూ లోతూ జేనలతో కొలిచి, ఆయన మండపం నడుమకు వచ్చారు. అక్కడ ఫలకం రెండు దిమ్మెల మీద పడుకోబెట్టి ఉంది. ఒంటినిండా గోనెపట్టా, పట్టా ముడుల మీద ఎర్రలక్క ముద్రలు. కింది అంచూ, కుడి మోచేతి దగ్గర జానెడు మేర మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"కొలతలు సరిగ్గ కుదిరినయి. నేను కొలిపిచ్చిన," అన్నాడు కొండల్‌రావు.

"కుదిరాయి. కాని గడ్డపార గూటికి రెండుచోట్ల గాయం చేసింది. ఈ ఫలకం అడుగు అంచుకు ఒక్క గీత అయినా పడలేదు. ఆ గడ్డపార గోడనే నొప్పించి, అమ్మవారిని ఎట్లా విడిచిపెట్టింది?"

"భక్తి ఉన్న దొంగ కావచ్చు."

చుట్టూ ఉన్న కానిస్టేబుళ్లు నవ్వారు. శర్మ కూడా చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు ఇన్‌స్పెక్టరుకు కిట్టలేదు.

"ఇగ సూడండి పంతులుగారూ. నా సర్కిల్ల రెండు కూనీ కేసులున్నయి. ఒక రాతిబొమ్మ కోసం ఇంత పరేషాన్ ఎందుకు? పోయింది, దొరికింది. ఖతం."

"రాతిబొమ్మ," అన్నారు శర్మ, మృదువుగా. "కొండల్‌రావుగారూ, మీరు జీపులో వచ్చారు. నేను బస్సులో వచ్చాను. కండక్టరు 'మద్దెలమ్మ స్టేజీ' అని కేక వేస్తే దిగాను. కాటమవరం అంటే ఆయనకు తెలియదు. ఈ ఊరి బడిపిల్లల చొక్కా జేబు మీద ఉన్నది ఆమె. పెండ్లి పత్రిక పైన గణపతి పక్కన ఉన్నది ఆమె. ఈ ఊళ్లో ఏ ఇంటి గడప చూచినా ఈ ద్వారబంధం మీది లతనే వడ్రంగి చెక్కి ఉంటాడు. వీధులు మూడు గర్భాలయాల చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతాయి, మీరు గమనించారో లేదో. ఊరు పుట్టి గుడి కట్టలేదు. ముందు గుడి లేచింది. రాతిపనివారి పాకల చుట్టూ ఊరు పుట్టింది. ఆమె పోతే వీళ్లు ఎవరో వీళ్లకే తెలియదు."

"దొరికింది గద అంటున్న! ఊరంత సాగిలపడి మొక్కింది నిన్న. మీకొక్కరికే ఎందుకు అనుమానం?"

"మొక్కినవారు ఆమెను చూచారా? గోనెపట్టాకు మొక్కారు."

కొండల్‌రావు ముఖం ఎర్రబడింది. "కేసు సొత్తు. ముద్రేసిన. ఆ ముద్ర కోర్టుల తప్ప యాడ విప్పరాదు. గది నా మాట గాదు, కానూను."

అప్పటికి ఒంటిగంట దాటింది.

ఆ సమయంలో మెట్ల మీద ముంతల చప్పుడయింది. డెబ్బై ఏండ్ల వృద్ధురాలు ఒకతె, నడుముకు కొంగు బిగించి, రెండు చేతులా రెండు సున్నపు ముంతలతో, చంకలో ఈతకుంచెతో పైకి ఎక్కి వచ్చింది. కానిస్టేబుల్ అడ్డుకోబోతే కుంచెతోనే అతణ్ణి పక్కకు నెట్టింది.

"తప్పుకో బిడ్డా. సివరాత్రి మంగళారమే. నువ్వు బేడీలేస్కో, బందూకులేస్కో, గుడికి సున్నమైతే ఆగది."

ఆ గొంతు వినగానే శర్మ తల వంచుకున్నారు.

సున్నపు ఈదమ్మను ఆయన ఎరుగును. పందొమ్మిది సంవత్సరాల క్రితం, శాసనాల ప్రతులు తీయడానికి ఈ గుడికి మొదటిసారి వచ్చినప్పుడు, నల్లరాతి శిల్పాల మీద బెత్తెడు మందం సున్నం చూచి ఆయన మండిపడ్డారు. శిల్పుల ఉలి సొగసును మూర్ఖులు పాడు చేశారని గుడి ముంగిటనే ఈ స్త్రీనీ, ఈమె అత్తనూ పరుషమైన మాటలన్నారు. పై అధికారులకు రాసి ఆ ఏడు సున్నం ఆపించారు కూడా. మరుసటి ఏటినుంచి అత్తాకోడళ్లు మళ్లీ పూశారు. ఆయన ఉత్తరాలు దస్త్రాలలో మిగిలిపోయాయి.

ఈదమ్మ ఆయనను తేరిపార చూచింది. "ఓహో, సున్నం తిట్టిన పంతులయ్యనా? మంచిగున్నవా? ముసలైనవు."

"ముసలినయ్యాను తల్లీ. నిన్ను ఒకటి అడగాలి. ఏటేటా సున్నం పూసేముందు పాతది గీకుతారా?"

"గీకుడెందుకు? పాతదాని మీదనే పూస్తం. గీకితే అమ్మ మొఖం గాయమైతది గద. మా అత్త గట్లనే పూసింది, ఆమె అత్త గట్లనే పూసింది."

శర్మ చేతిలోని కలం కిందపడింది. ఆయన దానిని తీసుకోలేదు. చప్పున ద్వారం పక్కనున్న పాత స్తంభం దగ్గరకు నడిచి, లతల నడుమ లోతుగా దిగిన ఒక సందులో చిన్న కత్తి మొన ఆనించి, గోరంత సున్నపు పలుకు ఊడదీశారు. జేబులోని భూతద్దం కింద దాని అడ్డకోతను పట్టి చూచారు. పలచని తెల్లని గీతలు, ఒకదాని మీద ఒకటి, లెక్కకు అందనన్ని.

"ఈదమ్మా, ఇట్లా రా. ఇది చదువు."

"నాకు సదువు రాదయ్యా."

"ఇది నీకు తప్ప ఇంకెవరికీ రాదు."

ఆమె పలుకును అరచేతిలో పెట్టుకొని, భూతద్దంలోకి ఒంటికంటితో చూచింది. ముడుతలు పడిన ముఖం మెల్లగా వెలిగింది. "అరెరే! గీ పైది పోయినేడుది. గీ నీలం గీత సూడు, కాలువ నీళ్లొచ్చిన ఏడు సంబరానికి సున్నంల నీలిమందు కలిపినం. గీ ఎర్రగున్నది జాజు, ఎర్రమన్ను. రజాకార్ల ఏడు. సున్నపు బట్టీలన్ని ఆరిపోతే మా అత్త జాజుతోనే పూసి పొద్దు గడిపింది. గీ నడుమ మసిగీత..." ఆమె ఆగి, ఓరగా ఆయనను చూచింది. "గిది నువ్వొచ్చిన ఏడయ్యా. సున్నం లేక ఏడాదంత దీపాల మసి పట్టింది."

శర్మ ఆ మసిగీత వంక చాలాసేపు చూచారు. తాను చేసిన అపచారం ఒక వెంట్రుకవాసి మందాన ఆలయం ఒంటి మీద నిలిచిపోయింది. దానికి పైన పద్దెనిమిది పొరలు పూసి ఈమె కప్పిపెట్టింది.

ఆయన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు.

"ఈ గుడిలోని ప్రతి రాయికీ ఈ పొరలుండాలి. మద్దెలమ్మకూ ఉండాలి. మోచేయికీ మద్దెలకూ నడుమ ఉన్న సందులో కుంచె మాత్రమే దూరుతుంది, చేయి దూరదు. వర్షం తగలదు. అక్కడ పొర ఏదీ రాలదు. ఆ సందు మీ పట్టా బయటనే ఉంది. ముద్ర విప్పనక్కరలేదు. ఒక్క గోరంత పలుకు చాలు."

"కేసు సొత్తు మీద కత్తి పెట్టనియ్య."

"మీ పంచనామాలో 'సున్నపు పూత కలిగిన నల్లరాతి శిల్పము' అని రాశారు. పూత కింద ఉన్నది నల్లరాయి అని గీకకుండా ఎట్లా తెలిసింది?"

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు.

"పంచనామా సరిగా ఉండాలంటే పంచులముందర పరీక్షించాలి," అన్నారు శర్మ. "పొరలు ఉన్నాయంటే, ఇది అసలైనదే అని నా చేతితో రాసి ఇస్తాను. మీ కేసుకు అంతకు మించిన బలం ఉండదు. లేవంటే మీరు కోర్టులో నకిలీ రాయిని సొత్తుగా చూపబోతున్నారు. ఏది మేలో మీరే చెప్పండి."

ఇన్‌స్పెక్టరు గడియారం చూచుకున్నాడు. రెండుంబావు. "రాసిస్తరు గద? అందరి ముందట?"

"శివుని ముందర."

"గీకుండ్రి."

కత్తి మొన సందులోకి దిగింది. పలుకు ఊడివచ్చింది. శర్మ తాను చూడకుండానే దానిని ఈదమ్మ చేతిలో పెట్టారు.

ఆమె భూతద్దం అక్కరలేకుండానే చూచింది. వేలితో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖం మీద మొదట అయోమయం, తరువాత కోపం కనిపించాయి.

"గిదేంది? ఒకటే పూత! ఒక్కసారే మందంగ పూసి, మీద చాయ్ డికాక్షన్ జల్లిండ్రు పాతగ కనవడాలెనని. వాసనొస్తున్నది సూడు." ఆమె వేళ్లు తెరిచి చూపింది. సున్నపు పొడిలో సన్నని తళుకులు. "గుల్ల పలుకులు. గిది గుల్లసున్నం. మేము రాతిసున్నం తప్ప ముట్టం. గుల్లసున్నం కోదాడ అవతలికెల్లి వస్తది, సముద్రం దిక్కు నుంచి." ఆమె గోనెపట్టా వైపు తిరిగింది. "గిది మా అమ్మ గాదు బిడ్డా. మా అమ్మ యాడున్నదో."

శర్మ భూతద్దం ఇన్‌స్పెక్టరుకు అందించారు. కొండల్‌రావు స్తంభం పలుకునూ, ఫలకం పలుకునూ పక్కపక్కన పెట్టి, రెండుమార్లు చూచాడు. మూడవమారు చూడలేదు. రోషం ఉన్న మనిషే కాని, కళ్లు చూచినదానిని కాదనే మనిషి కాదు.

"నకిలీ," అన్నాడు మెల్లగా.

"నకిలీ. గడ్డపార గాటు లేనిది అందుకే. ఈ రాయిని ఎవరూ గూటిలోనుంచి పెకిలించలేదు. హన్మా మాట నిజం. అతణ్ణి సూర్యాపేటకు పంపి, ఒంటిగంట పదికీ నాలుగుంబావుకూ నడుమ అసలైన ఆమెను తీసుకుపోయారు. మీరు వెతుకుతుంటే దారిలో పట్టుబడతామని, తొమ్మిది రోజులాగి దీనిని గడ్డివాములో పెట్టారు. సొత్తు దొరికితే వెతికేవారుండరు."

"హన్మానే గీ నకిలీని పెట్టుకుంటే?"

"తన మెడకు తానే ఉరితాడు తెచ్చుకొని తన ఇంటి వెనుకనే దాచుకుంటాడా?"

కొండల్‌రావు ఒక్క క్షణం నిలబడి, కానిస్టేబులు వైపు చేయి చాచాడు. తాళంచెవి తీసుకొని, హన్మా ముందు తానే గొంతుకూర్చున్నాడు. బేడీలు విప్పే చప్పుడు మండపమంతా వినిపించింది.

"లే హన్మా. కోర్టుకు నేనొక్కన్నే పోయి చెప్పుకుంట."

హన్మా లేవలేదు. బేడీలు ఊడిన చేతులను మొదట నేలకు ఆనించి గర్భాలయానికి మొక్కాడు. తరువాత మోకాళ్ల మీదనే జరిగి ఈదమ్మ పాదాలు పట్టుకున్నాడు. మెట్ల దగ్గర మోతీబాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నది. తండా స్త్రీలలో ఒకతె సన్నగా పాట ఎత్తింది. అది ఏడుపో మొక్కుబడో చెప్పడం కష్టం.

"నా కాళ్లెందుకు పట్టుకుంటవురా, సున్నమంత పట్టుకుంటది," అన్నది ఈదమ్మ, ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ. తుడుచుకున్నచోటల్లా తెల్లని చారలు పడ్డాయి.

శర్మకు అప్పుడు తాను ఆనాడు ప్రతి తీసిన శాసనం స్ఫురించింది. ఉత్తరపు గోడ మీద, పదకొండవ పంక్తి. ఆలయ సేవకులకు ఇచ్చిన మాన్యాల వరుసలో, పూజారికీ, మద్దెలకానికీ తరువాత, సున్నము పూయువారికి కొంత మెరక భూమి అని ఉంది. ఆయన దానిని చదివి, అచ్చు వేయించి, అర్థం చేసుకోలేదు. కట్టించినవారే కోరి పూయించిన సున్నం అది. ఎండకూ వానకూ నల్లరాయి చెదరకుండా ఏటేటా తొడిగే వస్త్రం. దానిని మలినం అనుకొని ఆయన పండితుడనిపించుకున్నారు. రాజులు పోయారు, మాన్యం పోయింది, ఇచ్చిన భూమి ఎవరి చేతిలో పడిందో తెలియదు. పనిమాత్రం ఆగలేదు. జీతం అడగని చేతులు ఏడువందల ఎనభై ఏండ్లుగా ఒక్కొక్క పొర పూస్తూ వచ్చాయి. ఈనాడు ఒక నిరపరాధిని కాపాడినవి ఆ చేతులు.

ఆయన ఉత్తరీయం నడుముకు చుట్టుకున్నారు. పదిమంది చూస్తుండగా, సున్నం అంటిన ఈదమ్మ కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకొని కళ్లకు అద్దుకున్నారు.

"తల్లీ, ఆనాడు నేనన్న మాటలకు నన్ను క్షమించు. నీ ఇంటివారందరికీ, నీ అత్తకూ, ఆమె అత్తకూ నా నమస్కారం చేరనీ. మీరు చేసిన మేలు చెప్పడానికి నా చదువు చాలదు."

"అయ్యో, పెద్దమనిషివి, గిదేందయ్యా!" ఈదమ్మ చేయి లాక్కున్నది. సిగ్గుతో ఎటు చూడాలో తెలియక భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పింది. "గిది మంచిగున్నది. మా అత్త చేతి పూత మళ్ల సూసిన ఇయ్యాల. ఇంకొకటి సూడన్నా? గీ తాళాలమ్మ మీద కాలువ నీళ్ల ఏడుది నీలం ఇంక ముద్దుగుంటది. గప్పుడు నేనే కలిపిన."

"చూడు తల్లీ."

ఆమె పసిపిల్ల వలె ఉత్సాహంగా పక్క గూటి దగ్గరకు వెళ్లి, తాళాలు వేసే స్త్రీ మోచేతి సందులో గోరుతో గీకింది. పలుకును అద్దం కింద పెట్టింది. పెదవులు కదులుతున్నాయి.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు." పెదవులు ఆగిపోయాయి. "అయ్యా... గీడ నాలుగే ఉన్నయి. దాని కింద రాయే."

శర్మ రెండంగల్లో అక్కడికి చేరారు. నాలుగు పొరలు. నీలం లేదు, జాజు లేదు, మసిగీత లేదు. ఏ మందూ చేరి కడగలేని ఆ సందులో, పొరల కింది రాతి మీద ఉలి గాట్లు నిన్న చెక్కినంత కొత్తగా ఉన్నాయి. ఆయన కత్తి తీసుకొని నర్తకి దగ్గరకు వెళ్లారు. నాలుగు. వేణువు ఊదే స్త్రీ దగ్గరకు వెళ్లారు. నాలుగు.

"నాలుగు శివరాత్రులు," అన్నారు. "ఎనభై నాలుగు నుంచి. మూడూ నకిలీలు. ఈదమ్మా, ఎనభై నాలుగు శివరాత్రికి ముందు ఈ బొమ్మలను ఎవరు కదిలించారు?"

"కోదాడ మేస్త్రి, వీరభద్రం. సంక్రాంతి పోయినంక వచ్చిండు. సుట్టూర రేకులు కట్టిండు. మందు పెట్టి కడుగుతనని మూడు బొమ్మలు లారీల తీస్కపోయి, నెల దినాలకు తెచ్చి నిలవెట్టిండు. మద్దెలమ్మను మటుకు మేము తీయనియ్యలే. ఆడోళ్లమంత అడ్డం పండినం."

నాలుగింటిలో మూడు తీసుకున్నవాడికి నాల్గవది ఇన్నాళ్లకు కావలసి వచ్చింది. శర్మ హన్మా వైపు చూచారు. రెండేండ్ల నుంచి మాత్రమే కాపలా ఉన్నవాడు. నాలుగేండ్ల కిందటి పని ఇతని మీద ఎవరూ మోపలేరు.

"అప్పుడు బందోబస్తు ఎవరిది?" అని అడిగారు.

ఆయన తిరిగి చూచారు. కొండల్‌రావు తాళాలమ్మ ఎదుట నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గా జనవరిల గీ స్టేషన్ ఎస్సైని నేనే," అన్నాడు. "లారీ ఎక్కినయి మూడు, వాపసు దిగినయి మూడు, గవే ఇవి అని సంతకం పెట్టింది నేను. బొమ్మలు తెల్లగ కడిగొచ్చినయి. మంచిగ కడిగిండనుకున్న. దేవుని తోడు, గంతే అనుకున్న."

"ఆ వీరభద్రం ఇప్పుడు ఎక్కడ?"

"పొద్దుగాల ఫోన్ చేసిండు." అతడు గడియారం చూచుకున్నాడు. "మద్దెలమ్మ దొరికిందట గద సారూ, గూట్లె నేనే నిలవెడత, పండుగ దాంక గర్భగుడి దర్వాజ గూడ కడిగి ఇస్త అన్నడు. సరేనన్న. మూడు గంటలకు మనుషులతోని, లారీతోని వస్తున్నడు."

రెండు గంటల యాభై రెండు నిమిషాలు.

మెట్ల దిగువ పాట ఆగిపోయింది. హన్మా లేచి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే, గర్భాలయ ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. మోతీబాయి అతని పక్కకు వచ్చింది. ఈదమ్మ కుంచె పట్టుకొని ఇంకో పక్కకు వచ్చింది.

కొండల్‌రావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వాడు రాకముందే నన్ను అడుగుండ్రి పంతులుగారూ," అన్నాడు. "హన్మాను ఎట్ల అడిగిండ్రో గట్లనే. ఒక్కటి గూడ ఇడువకుండ్రి."